ఖాళీ డబ్బాలో జతి

రథోత్సవం మర్నాడు పొద్దున్నే శ్రీకర్ గురువుగారింటికి వెళ్లాడు. తిరుపాలయ్యగారు వసారాలో చాప మీద కూర్చుని డోలు వారులు బిగిస్తున్నారు. శిష్యుణ్ణి చూసి తలూపారు గానీ చెయ్యి ఆపలేదు.

"గురువుగారూ, నిన్న జరిగినదాంట్లో నా తప్పేం లేదండీ," అన్నాడు శ్రీకర్, ఇంకా చెప్పులైనా విప్పకుండా.

గుమ్మడికాయల దొంగ అని ఎవరైనా అంటే గదా భుజాలు తడుముకునేది! అక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

"కూర్చో," అన్నారు గురువుగారు.

తిరుపాలయ్యగారు గుండ్లకమ్మ ఏటికి అటూ ఇటూ పేరున్న డోలు విద్వాంసుడు. శ్రీకర్ నిక్కర్ల నాటినుంచి ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. మధ్యలో కంప్యూటర్ చదువు చదివి, ఇంట్లోంచే ఉద్యోగం చేసుకుంటూ, ఉత్సవాలప్పుడు గురువుగారి పక్కన నిలబడి తాళాలు వేస్తుంటాడు. చెయ్యి మంచిది. బుర్ర ఇంకా మంచిది. ఆ రెండో సంగతి అతనికి కాస్త ఎక్కువే తెలుసు.

ఈమధ్య మేళాలవాళ్లంతా ఫోన్లలో ఒక కొత్త నెట్‌వర్కులో చేరారు. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎవరికి నచ్చిన యాప్‌తో వాళ్లు అందులోకి వెళ్లొచ్చు. ఒక యాప్‌లోంచి పెట్టింది ఇంకో యాప్‌లో కనపడుతుంది. మాటలూ ఫొటోలూ అయితే ఏ యాప్ అయినా చూపిస్తుంది. అవి చాలవనుకున్నవాళ్లు తమకు కావలసిన కొత్తరకం పోస్టు తామే కట్టుకోవచ్చు. వంటలవాళ్లు వంటకాల కోసం ఒక రకం కట్టుకున్నారు, చదరంగంవాళ్లు ఎత్తుల కోసం ఒకటి కట్టుకున్నారు. శ్రీకర్ డోలు జతుల కోసం, అంటే దెబ్బల వరసల కోసం, ఒకటి కట్టి దానికో యాప్ రాశాడు. అందులో జతి గళ్లుగళ్లుగా పరుచుకుంటుంది, వేలితో తాకితే దెబ్బ దెబ్బా మోగుతుంది. నిజం చెప్పాలంటే ముచ్చటైన పని. ఇబ్బందల్లా ఒక్కటే. ఆ రకం తెలియని యాప్‌లో అది తెల్లటి ఖాళీ డబ్బాలా కనపడుతుంది, అంతే.

"సాహెబుగారికి వారం ముందే పంపానండీ," అన్నాడు శ్రీకర్. "మీరు కొత్తగా కట్టిన ముక్తాయింపు మొత్తం, దెబ్బకి దెబ్బ. ఆయన నా యాప్ పెట్టుకోకపోతే నేనేం చెయ్యను?"

దస్తగిరి సాహెబుగారు ఆ గుడి సన్నాయి. ఆయన తండ్రీ తాతా కూడా ఆ స్వామి ముందే వాయించారు. స్వామి మేలుకోవాలన్నా, పవళించాలన్నా సాహెబుగారి సన్నాయి పలకాల్సిందే. రథోత్సవం రోజున రథం కదిలేముందు తాళం మీద డోలు ఒక్కటే మోగి, చివర ముక్తాయింపు ఇస్తుంది. దాని ఆఖరి దెబ్బ మీద సన్నాయి పల్లవి ఎత్తుకుంటుంది. ఆ పల్లవి వినపడగానే జనం మోకు లాగుతారు. అక్కడి ఆనవాయితీ అది.

ఈసారి గురువుగారు కట్టిన ముక్తాయింపు గడుసుది. అయిపోయినట్టే అయిపోయి, ఇంకో చుట్టు తిరుగుతుంది. సాహెబుగారు అయిపోయిందనుకుని పల్లవి ఎత్తేశారు. డోలు ఇంకా మోగుతుండగానే జనం మోకు లాగేశారు. రథం ఒక్క కుదుపు కుదిపింది. స్వామి గొడుగు పక్కకి ఒరిగింది. పూజారి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది గానీ, ఊరంతా అబ్బా అంది.

గురువుగారు ఒక వారు లాగి ముడేశారు. "ఆయన ఫోన్లో ఏం కనపడిద్ది?"

"ఖాళీ డబ్బా అండీ."

"దాంట్లో నాలుగు మాటలు రాసే వీలు లేదా?"

"ఉందండీ. మన రకం తెలియని యాప్‌ల కోసం ఒక మామూలు వాక్యం రాసే చోటు ఉంటుంది. ఇది ఫలానాది అని. అందరూ రాస్తారు. నేను రాయలేదు."

"ఏం?"

"రాస్తే ఇంక నా యాప్‌కి ఎవరొస్తారండీ? డబ్బా చూసి, ఇందులో ఏముందో అనుకుని వస్తారని..."

నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మ కూడా కోడిని దాచి ఊరుకుంది గానీ, పొద్దుకి అడ్డం తెర కట్టలేదు.

గురువుగారు డోలు మీద వేలితో కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. తర్వాత అన్నారు: "రేపు కమిటీవాళ్లు గుడికి రమ్మన్నారు. సాహెబన్నని మానిపిస్తారంట. నువ్వూ రా. డోలు నువ్వే తెచ్చుకో."

"నేను వాయించాలాండీ?"

"నీ దాంట్లో పెట్టినవాటిల్లో అన్నిటికన్నా కష్టమైన ముక్తాయింపు ఏదో, అది చూసుకునిరా."

శ్రీకర్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. గురువుగారు పెద్దల ముందు తన పనితనం చూపించబోతున్నారు! సాహెబుగారిని మానిపించడం గురించి మనసులో ఏదో కలుక్కుమంది గానీ, కాలం మారింది కదా, మారనివాళ్లు ఏం చేస్తారులే అని సర్ది చెప్పుకున్నాడు.

ఒక్క సంగతి మాత్రం అతను గురువుగారికి చెప్పలేదు. నిన్న రథం ముందు ముక్తాయింపు మొదలవగానే అతను తాళాలు చంకలో పెట్టుకుని ఫోన్ పైకెత్తాడు. గురువుగారి చేతులు వీడియో తీసి యాప్‌లో పెడదామని. తాళం మోగుతూ ఉంటే ఎంత గడుసు ముక్తాయింపైనా దాని అసలు ముగింపు ఎక్కడో తెలిసిపోతుంది. తాళం ఆగింది. ఆ గోలలో ఎవరూ గమనించలేదు. గురువుగారు కళ్లు మూసుకుని వాయిస్తారు కాబట్టి ఆయనా చూసి ఉండరనుకున్నాడు.

మర్నాడు గుడి మండపంలో కమిటీవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. సాహెబుగారు ఒక స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నారు. సన్నాయి గుడ్డసంచిలోనే ఉంది. ఉతికిన తెల్లచొక్కా వేసుకొచ్చారు.

చైర్మన్ చలమారెడ్డిగారు మంచిమనిషి. చెప్పక తప్పని మాట చెబుతున్నట్టు నేలచూపులు చూస్తూ తిరుపాలయ్యగారితో చెప్పారు. "సాహెబుగారంటే మాకు గౌరవం లేక కాదు. స్వామి గొడుగు ఒరిగింది. ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. వయసైపోయింది, ఇంక ఇంటిపట్టున సుఖంగా ఉండమనండి."

"తప్పు నాదేలే బాబూ," అన్నారు సాహెబుగారు. "తొందరపడ్డా. చెవి మునపట్లా లేదు."

ఆ మాట శ్రీకర్‌కి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

తిరుపాలయ్యగారు చేతులు జోడించారు. "మానిపిస్తే మానిపించండి బాబూ. ఒక్కసారి స్వామి ముందు వాయించి పోనీండి."

చలమారెడ్డిగారు సరేనన్నట్టు తలూపారు.

శ్రీకర్ డోలు తగిలించుకున్నాడు. తాళం ఎవరు వేస్తారా అని చుట్టూ చూశాడు. గురువుగారు భుజం మీది కండువా తీసి నేల మీద పరుచుకుని, సాహెబుగారికి ఎదురుగా కూర్చున్నారు. శ్రీకర్ సంచిలో ఉన్న తాళాలు తనే తీసి పట్టుకున్నారు.

కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. మేళంలో తాళం ఆఖరివాడి పని. తిరుపాలయ్యగారంతటివాడు తాళాలు ముట్టగా ఆ గుళ్లో చూసినవాళ్లు లేరు.

సాహెబుగారు గాభరాపడ్డారు. "నువ్వు తాళమేందయ్యా తిరుపాలూ! ఎవరన్నా చూస్తే నవ్విపోతారు."

"చేతులు ఖాళీగా ఉండాయిలే అన్నా. ఎత్తుకో."

సాహెబుగారు సన్నాయి సంచిలోంచి తీసి కళ్లకద్దుకున్నారు. పల్లవి ఒకసారి వాయించి, సన్నాయి ఒళ్లో పెట్టుకుని డోలుకి వదిలేశారు.

శ్రీకర్ బాగానే వాయించాడు. చెయ్యి తిరిగినవాడే కదా. వాయిస్తూ వాయిస్తూ ముక్తాయింపులోకి దిగాడు. అది అతను సొంతంగా కట్టింది, తెగ గర్వపడింది. ఒకచోట ముగిసినట్టు నమ్మిస్తుంది, ముగియదు. మళ్లీ నమ్మిస్తుంది, మళ్లీ ముగియదు. ఎదురుగా గురువుగారు తలవంచుకుని తాళం వేస్తున్నారు. దాంట్లో నేర్పేమీ లేదు, హంగేమీ లేదు. కొత్తగా చేరినవాడు వేసినంత మామూలుగా వేస్తున్నారు.

సాహెబుగారి చూపు ఆ చేతుల మీదే ఉంది. మొదటిచోట సన్నాయి పెదవులదాకా వెళ్లి కిందికి దిగింది.

సరిగ్గా అప్పుడు శ్రీకర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఈయన మళ్లీ తప్పితే బాగుండును. తప్పితే, తను దాచింది ఇంక ఎప్పటికీ బయటపడదు.

ఆ ఆలోచన తనదేనని తెలిసేసరికి అతనికి ఒళ్లు జలదరించింది. చెయ్యి మాత్రం తప్పకుండా నడిచింది.

ఆఖరి దెబ్బ పడింది. దాని మీదే పల్లవి లేచింది. వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. గర్భగుడిలో పూజారి చేస్తున్న పని ఆపి బయటికి తొంగిచూశాడు.

చలమారెడ్డిగారు కుర్చీలో ముందుకి జరిగారు. "సాహెబుగారూ, ఇది ముందే నేర్చుకున్నారా?"

"లేదు బాబూ, ఇప్పుడే వింటం," అని సాహెబుగారు శ్రీకర్ వైపు తిరిగారు. ముఖం విప్పారింది. "ఎప్పుడు కట్టావు నాయనా ఇది? బలే ఉంది!"

"ఉగాదికి ముందే మీకు పంపానండీ," అన్నాడు శ్రీకర్.

"ఓ, అదేనా ఇది! అప్పుడే చెప్పా గదా బాగుందని!"

"మీరెప్పుడు చెప్పారండీ?"

"నువ్వు పంపినదానికల్లా చెప్తానే ఉన్నా గదా. అందింది నాయనా, బాగుంది అని మనవరాలి చేత రాయిస్తన్నా."

"మీకు... ఖాళీ డబ్బా కదండీ వచ్చేది?"

సాహెబుగారు దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా నవ్వారు. "తెల్లగా వచ్చేదిలే. ఇంత ప్రేమగా పంపుతన్నాడు పిల్లాడు, నాకేం కనపడలా అంటే చిన్నబుచ్చుకుంటాడని... ఉత్సవం ముందు వచ్చినదానికి మాత్రం అడిగించా, ఇందులో ముఖ్యమైందేమన్నా ఉందా నాయనా అని. నువ్వు పలకలా. ఏం లేదు గామోసు అనుకున్నా."

పలకలేదు. ఎలా పలుకుతాడు? యాప్ శుభ్రంగా ఉండాలని, జతులు తప్ప వేరే ఏది వచ్చినా చూపించకుండా రాసుకున్నాడు. మామూలు మాటలు అతని దగ్గరిదాకా రానేరావు. ఆ ముసలాయన గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తూనే ఉన్నాడు, తను తలుపుకి గొళ్లెం పెట్టుకుని, ఎవరూ రావడం లేదేమని ఊరంతటినీ తిట్టుకున్నాడు. శ్రీకర్‌కి తల కొట్టేసినట్టయింది.

"బాగానే ఉంది," అన్నారు చలమారెడ్డిగారు. "ఇంత కష్టమైనదానికి తప్పని మనిషి, ఆ రోజు ఎందుకు తప్పినట్టు?"

తిరుపాలయ్యగారు కండువా కొసతో తాళాలు తుడుస్తున్నారు. తల ఎత్తలేదు. ఎవరివైపూ చూడలేదు. ఒక తాళం తుడవడం అయ్యాక రెండోది తీసుకున్నారు.

సాహెబుగారు చెప్పబోయారు. "చెప్పా గదా బాబూ, నా చెవి..."

"చెవి కాదండీ," అన్నాడు శ్రీకర్.

అందరూ అతనివైపు చూశారు. డోలు ఇంకా భుజానే ఉంది. దాని బరువు ఎప్పుడూ తెలిసేది కాదు, ఇప్పుడు తెలిసింది.

"ఆ రోజు తాళం లేదండీ. ముక్తాయింపు మొదలయ్యాక నేనే తాళాలు చంకలో పెట్టుకున్నా. వీడియో తీసుకుందామని. సాహెబుగారికి వినపడకపోవడం కాదు. వినడానికి అక్కడ ఏమీ లేదు."

చలమారెడ్డిగారు లేచి నిలబడ్డారు. "స్వామి గొడుగు ఒరిగిందయ్యా! ఇందాక ఈ పెద్దాయన తప్పు నాదేనంటుంటే, ఎదురుగా ఉండి నోరు మూసుకుని విన్నావా నువ్వు?"

"విన్నానండీ."

ఇంకా చాలా అన్నారు ఆయన. అనాల్సినవే అన్నారు. శ్రీకర్‌కి ఎంత తిడితే అంత నయమనిపించింది. అతను తట్టుకోలేకపోయింది వేరే. సాహెబుగారు స్తంభం పట్టుకుని మెల్లగా లేచి వచ్చి, "పోనీండి బాబూ, కుర్రతనం. ఒప్పుకున్నాడు గదా," అని అతని భుజం మీంచి డోలు దింపి కింద పెట్టారు. ఆ చెయ్యి తగలగానే భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండుననిపించింది.

చలమారెడ్డిగారు సాహెబుగారికి చేతులు జోడించారు. ఆ రోజు సాయంత్రం సేవకి సన్నాయి ఆయనదేనని అక్కడే చెప్పేశారు.

దారిలో గురువుగారు తాళాలు తిరిగి శ్రీకర్ సంచిలో వేశారు. శ్రీకర్‌కి తెలిసిపోయింది, తాళం ఆగడం ఆయన ఆ రోజే గమనించారు. నిన్న వసారాలో తను గొప్పలు చెబుతున్నప్పుడూ ఆయనకి తెలుసు. చెప్తాడేమోనని చూశారు. తను చెప్పలేదు.

ఇంటికి వెళ్లే ముఖం లేక గురువుగారి వసారాలోనే లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. యాప్‌లో మామూలు మాటలకు వేసిన అడ్డు తీసేశాడు. పెద్ద పనేమీ కాదు. ఆ అడ్డు కట్టడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు.

అప్పటిదాకా ఆగిపోయినవన్నీ వరసగా తెర మీదికి వచ్చాయి.

అందింది నాయనా, బాగుంది.

అందింది నాయనా. ఇది ఇంకా బాగుంది.

అందింది. చెయ్యి బెణికిందని మీ గురువు చెప్పాడు, తగ్గిందా? తగ్గిందాకా వాయించమాక.

అందింది నాయనా. మీ అమ్మకి జ్వరమంట గదా, ఎట్టా ఉంది? నేను వద్దామనుకున్నా, నువ్వు పలకలా, ఎందుకులే ఇబ్బంది పెట్టడమని ఆగిపోయా.

అమ్మ జ్వరపడినప్పుడు మేళంవాళ్లు ఒక్కరూ పలకరించలేదని శ్రీకర్ కోపంగా ఉన్నాడు. ఆ కోపంతోనే సాహెబుగారు ఎదురుపడినా ముభావంగా తప్పుకుపోయాడు. అది గుర్తొచ్చి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

చాలాసేపటికి తేరుకుని, తను పంపిన పాత జతులన్నీ మళ్లీ తెరిచాడు. ఒక్కొక్కదాని కింద, తెలియని యాప్‌ల కోసం ఉన్న ఆ చోటులో, మామూలు తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. ఇది డోలు ముక్తాయింపు, ఫలానా తాళం, ముగిసినట్టు ఫలానాచోట అనిపిస్తుంది, అక్కడ ఆగకండి, మీ ఫోన్లో వినపడకపోతే నాకు చెప్పండి, నేను వచ్చి వాయించి వినిపిస్తాను. ఎంత రాసినా ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉన్నట్టనిపించింది.

గురువుగారు మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, చాప మీద కూర్చున్నారు.

శ్రీకర్ తెర మీంచి చూపు తిప్పలేదు. కళ్లు కనపడనివ్వడం ఇష్టం లేదు.

"గురువుగారూ, నేను ఆయనకి పంపినవన్నీ ఖాళీ డబ్బాలండీ. ఆయనకి ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకుండా, ప్రతిదానికీ బాగుందని ఎట్టా అన్నారండీ?"

"కనపడకపోవడమేందిరా?" అన్నారు గురువుగారు. "పంపింది నువ్వని కనపడింది గదా."